ఏడడుగులు సరే, ఐ-130 ఏదీ?

కుటుంబం పవిత్రమట. ఈ మాట అనని నాయకుడు భూమ్మీద ఎక్కడైనా ఉన్నాడా? అమెరికాలో ఎన్నికలొస్తే చాలు, భార్యాపిల్లల్ని వేదిక మీద వరసగా నిలబెట్టి చేతులూపిస్తారు. కుటుంబ విలువలకు కాపలా మేమే అంటారు. మన దగ్గరైతే సరేసరి. మైకు దొరికితే వేదకాలం నుంచి అందుకుని వివాహ వ్యవస్థ గొప్పతనం మీద గంటసేపు దంచుతారు. వింటున్నాం. దశాబ్దాలుగా వింటూనే ఉన్నాం. ఇంతకీ ఆ పవిత్ర కుటుంబం ఎక్కడుంది? మొగుడు డల్లాస్‌లో. పెళ్లాం గుంటూరులో. నడుమ ఒక దరఖాస్తు.

ఆ దరఖాస్తు పేరు ఐ-130. అగ్నిసాక్షిగా ఏడడుగులు నడిచారా? సంతోషం. అరుంధతీ నక్షత్రం చూశారా? మరీ సంతోషం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675 కట్టి, ఈమె నా భార్యేనండీ అని అమెరికా సర్కారుకు విన్నవించుకోండి. వాళ్లు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారనుకుందాం. ఇక విమానం ఎక్కొచ్చా? అంత తొందరేమిటండీ!

భర్త అమెరికా పౌరుడైతే కొంత నయం. ఏడాదికి ఇంతమందే అన్న పరిమితి లేదు. అయినా కాగితాలు తేలేసరికి ఏడాది దాటడం మామూలే. భర్తది గ్రీన్‌కార్డు అయితే మాత్రం భార్య 'ఎఫ్2ఏ' అనే వరసలో నిలబడాలి. ఆ వరస ఎందాకా వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్‌లో చెబుతుంది. 2025 జనవరి బులెటిన్‌లో ఆ తేదీ 2022 జనవరి 1. అంటే, 2022 రాకముందు దరఖాస్తు పెట్టినవాళ్లకే పిలుపు. కొత్త పెళ్లికూతురికి మూడు సంక్రాంతులు పుట్టింట్లోనే. అల్లుడుగారు వీడియో కాల్‌లో అరిసెలు తింటారు కాబోలు!

అసలు తమాషా ఇప్పుడు చూడండి. హెచ్-1బీ మీద తాత్కాలికంగా పని చేసుకునే కుర్రాడు పెళ్లి చేసుకుంటే? భార్యకు హెచ్-4. ఈ వరసతో పనిలేదు. చదువుకోవడానికి వెళ్లినవాడు పెళ్లి చేసుకుంటే? భార్యకు ఎఫ్-2. దానికీ ఈ వరస లేదు. ఏళ్ల తరబడి పన్నులు కట్టి, పడిగాపులు కాసి, గ్రీన్‌కార్డు సంపాదించి, శాశ్వత నివాసి అనిపించుకున్నాక పెళ్లి చేసుకుంటే? ఆగు నాయనా, పోయి చివర్న నిలబడు! తాత్కాలికంగా ఉండేవాడికి సంసారం వెంటనే. శాశ్వతంగా ఉండేవాడికి సంసారం తర్వాత. ఈ రూలు రాసిన మహానుభావుడికి పెళ్లయిందా అసలు?

కార్డు చేతికి రాకముందే మూడుముళ్లు పడితే భార్య అతని కేసుతోపాటే వచ్చే వీలుంది. ఆ కిటుకు తెలిసిన ఇళ్లలో ముహూర్తాలు మారిపోయాయి. ముందు బులెటిన్, తర్వాతే పంచాంగం. అబ్బాయి తేదీ దగ్గరపడుతోందా? అయితే శ్రావణం దాకా ఆగొద్దు. మూఢమైనా ఫర్వాలేదు. రేపే రిజిస్ట్రారాఫీసులో సంతకాలు కానిచ్చేయండి! సిద్ధాంతిగారు చేయాల్సిన పని అమెరికా విదేశాంగ శాఖ చేస్తోంది. దక్షిణ మాత్రం డాలర్లలో.

పోనీ, చుట్టపుచూపుగా వెళ్లి మొగుణ్ని చూసొస్తానంటే? విజిటర్ వీసా కౌంటర్ దగ్గర చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే. నీ భర్త అక్కడున్నాడు, నువ్వు తిరిగొస్తావన్న నమ్మకమేమిటి? అంతే, వీసా ఇవ్వం అనే 214(బి) చీటీ చేతిలో పడుతుంది. భర్త ఉన్నాడు కాబట్టే వెళ్లాలి. భర్త ఉన్నాడు కాబట్టే వెళ్లకూడదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు.

ఇంకో ఆణిముత్యం. గ్రీన్‌కార్డు ఉన్న తల్లి, ఇరవయ్యొక్కేళ్లు దాటిన కూతురికి దరఖాస్తు పెట్టింది. షరతు ఏమిటంటే, అమ్మాయికి పెళ్లి కాకూడదు. వరసలో ఏళ్లకేళ్లు గడుస్తాయి. ఈలోగా ఆ పిల్ల పెళ్లి చేసుకుందా? దరఖాస్తు దానంతటదే రద్దు. గ్రీన్‌కార్డువాళ్ల పెళ్లయిన పిల్లలకు అసలు వరసే లేదు. తల్లి కావాలా, మొగుడు కావాలా తేల్చుకో అని చట్టమే అడుగుతోంది. ఇదీ కుటుంబ విలువల దేశం!

కోర్టులున్నాయిగా అంటారా? ఉన్నాయి. 2015లో స్వలింగ జంటల కేసులో, పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు అని అమెరికా సుప్రీంకోర్టు ఘనంగా చాటింది. లోకమంతా చప్పట్లు కొట్టింది. 2024 జూన్ 21న అదే కోర్టు ఇంకో తీర్పిచ్చింది. కేసు వేసింది అమెరికా పౌరురాలు. ఆమె భర్తది ఎల్ సాల్వడార్. అతనికి వీసా నిరాకరించారు. ఎందుకని అడిగితే సెక్షన్ నంబరు చూపించారు. కోర్టు మెజారిటీ ఏం తేల్చింది? పౌరురాలే అయినా, విదేశీ భర్తను దేశంలోకి రప్పించుకోవడం ఆమె ప్రాథమిక హక్కు కాదట. పెళ్లి చేసుకోవడం హక్కు. కాపురం చేయడం దయ. తలంబ్రాలు పోసుకున్నాక ఎవరింటికి వాళ్లు పొండి!

భార్యాభర్తల గతే ఇలా ఉంటే అన్నదమ్ముల సంగతి చెప్పాలా? అక్క అమెరికా పౌరురాలు. తమ్ముడికి దరఖాస్తు పెట్టింది. ఆ కోటాకు ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు. పైగా ఏ ఒక్క దేశానికీ మొత్తంలో 7 శాతం మించకూడదన్న పరిమితి. 140 కోట్ల ఇండియాకూ అదే గీత, నాలుగు లక్షల ఐస్‌లాండ్‌కూ అదే గీత. సమానత్వమంటే ఇదీ! ఫలితం? 2025 బులెటిన్లలో ఇండియా తమ్ముళ్ల తేదీ ఇంకా 2006లోనే ఉంది. అప్పటికి ఐఫోన్ పుట్టలేదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడలేదు. ఆనాడు ఎల్‌కేజీలో ఉన్న కొడుకు ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఇరవయ్యొకటి దాటింది కాబట్టి, తండ్రి వెంట రావడానికి చాలామందికి అర్హత పోయింది. తమ్ముడికి వీసా వచ్చే వేళకు తమ్ముడి సంసారం రెండు ముక్కలు. కుటుంబాన్ని కలపడానికి పెట్టిన వరస ఇది సుమా!

ఈ వరస ఎలా పుట్టిందో తెలుసా? 1946 దాకా మనవాళ్లకు ఆ గడప తొక్కే వీలే దాదాపు లేదు. ఆ ఏడు దయతలచి భారతీయులకు కోటా ఇచ్చారు. ఎంత? ఏడాదికి అక్షరాలా 100 మంది. 1965లో చట్టం మార్చేటప్పుడు కుటుంబ సంబంధాలకు పెద్దపీట వేయాలని మైకేల్ ఫీగన్ అనే కాంగ్రెస్ సభ్యుడు పట్టుబట్టాడు. బంధుప్రేమ అనుకున్నారా? ఓసోస్! అమెరికాలో ఉన్నది ఎక్కువగా యూరప్ సంతతే కాబట్టి, చుట్టాలంటే యూరప్ వాళ్లే వస్తారని లెక్క. దేశ జనాభా తీరు తలకిందులు కాదని సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ భరోసా ఇచ్చాడు. ఆ అక్టోబర్ 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వేచ్ఛావిగ్రహం పాదాల దగ్గర కూర్చుని సంతకం చేశాడు. లెక్క తప్పింది. ఆసియా వాళ్లు, లాటిన్ అమెరికా వాళ్లు వచ్చారు. అప్పుడు మొదలైంది గుండెలు బాదుకోవడం.

ఆ బాదుకోవడంలో ఆరితేరినవాడు డొనాల్డ్ ట్రంప్. 2017 ఆగస్టులో, తల్లిదండ్రులకూ తోబుట్టువులకూ పెద్దయిన పిల్లలకూ గ్రీన్‌కార్డు దారి మూసేసే బిల్లును నెత్తినెత్తుకున్నాడు. 2018 జనవరిలో ఉభయసభల ముందు నిలబడి 'గొలుసు వలస' ఆపాల్సిందే అన్నాడు. అదే ఏడు ఆగస్టు 9న న్యూయార్క్‌లో ఇద్దరు వృద్ధులు అమెరికా పౌరులుగా ప్రమాణం చేశారు. స్లొవేనియా నుంచి వచ్చిన దంపతులు. కూతురు స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డు వచ్చింది. ఎవరా కూతురు? మెలానియా ట్రంప్. అవునండీ, అధ్యక్షులవారి అత్తమామలే! ఆయన కన్నతల్లి స్కాట్లండ్ దీవి నుంచి 1930లో న్యూయార్క్ వచ్చినప్పుడూ అక్కడ ముందే స్థిరపడిన తోబుట్టువు అండ ఉంది. మన అత్తమామలు వస్తే గొలుసు. ఆయన అత్తమామలు వస్తే ముత్యాలహారం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్నది ఉత్తినే అన్నారా?

2020 ఏప్రిల్‌లో కోవిడ్ పేరు చెప్పి, విదేశాల్లో ఉన్న గ్రీన్‌కార్డువాళ్ల భార్యలకూ పిల్లలకూ వీసాలు నిలిపేశాడు. అమెరికన్ల ఉద్యోగాలు కాపాడటానికట. చంకలో పాలపిల్లతో వచ్చే ఇల్లాలు ఎవరి ఉద్యోగం ఊడగొడుతుంది బాబూ? ఆ తాళం పది నెలల తర్వాత 2021 ఫిబ్రవరిలో తీశారు. ఇక 2025 సెప్టెంబర్ 19న కొత్త దారి తెరిచారు. పేరు గోల్డ్ కార్డ్. సర్కారుకు పది లక్షల డాలర్లు కానుకగా సమర్పించుకుంటే శాశ్వత నివాసానికి రాచబాట. చూశారా! తాళి కడితే వరసలో నిలబడాలి. కానుక కడితే వేరే తలుపు.

మరి అవతలి పార్టీ? వాళ్లు మనకు మిత్రులు కదా! 2013 జూన్‌లో సెనేట్ ఒక బిల్లును 68–32 ఓట్లతో ఆమోదించింది. గ్రీన్‌కార్డువాళ్ల భార్యాపిల్లల్ని వరస నుంచి తప్పించే మాట అందులో ఉంది. అన్నదమ్ముల కోటాకు కోత కూడా అందులోనే ఉందనుకోండి. ప్రతినిధుల సభ దాన్ని ఓటుకే పెట్టలేదు. 2021లో బైడెన్ గద్దెనెక్కిన తొలిరోజే అదే హామీతో ఇంకో బిల్లు ప్రకటించాడు. నాలుగేళ్లు గడిచాయి. బిల్లు చట్టం కాలేదు. ఒకడు తలుపు మూసి తిడతాడు. ఇంకొకడు తలుపు మూసి నవ్వుతాడు. బయట నిలబడ్డవాడికి తేడా ఏమిటి?

అమెరికా ఒక్కటేనా? బ్రిటన్‌లో భార్యను తెచ్చుకోవాలంటే 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం చూపించాలి. అంతకుముందు 18,600. అంటే ప్రేమకు ఆదాయ పరిమితి. కెనడాలో అమ్మానాన్నల్ని పిలిపించుకోవాలంటే లాటరీ. 2020లో పేర్లిచ్చినవాళ్ల డబ్బాలోంచే 2025లోనూ చీటీలు తీశారు. కన్నవాళ్లను కూడా లక్కీ డ్రాలో గెలుచుకోవాలి!

ఇక రుజువుల భాగోతం. పెళ్లి నిజమైనదేనని నిరూపించాలి. నకిలీ పెళ్లిళ్లు లేవా? ఉన్నాయి. 1986 నుంచి దానికి అయిదేళ్ల జైలు, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా దాకా శిక్ష ఉంది. శిక్షించండి. కానీ మనవాళ్ల సంగతి చూడండి. పెళ్లిచూపుల్లో ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. అందులో పది నిమిషాలు కాఫీ తాగారు. ఇప్పుడు అనురాగానికి ఆధారాలు జతపరచాలి. అందుకే మండపంలో పెళ్లికొడుకు బాసికం సర్దుకుంటూనే ఫొటోగ్రాఫర్ చెవిలో చెబుతాడు: "అన్నా, జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు... మూడింట్లోనూ రెండువైపులా అమ్మానాన్నలు ఫ్రేములో పడాలి. ఐ-130కి." మావయ్య అలిగి పక్కకెళితే బతిమాలి పట్టుకొస్తారు. ప్రేమకొద్దీ అనుకుంటున్నాడు పాపం. ఆయన సాక్ష్యాధారం!

ఆ తర్వాత వాట్సాప్ చాట్లు ప్రింటు తీస్తారు. "తిన్నావా?" "తిన్నా. నువ్వు?" "ఇప్పుడే." "ఏం కూర?" "బీరకాయ." ఇలా దస్తాలకు దస్తాలు. ఏడు సముద్రాల అవతల ఒక ఆఫీసరు ఆ బీరకాయను పరిశీలించి వీళ్లది నిజమైన కాపురమా కాదా తేలుస్తాడు. మన తాతలూ బామ్మలూ ఈ పరీక్షకు కూర్చుంటే ఒక్క జంటైనా పాసయ్యేదా?

తల్లిదండ్రుల్ని పిలిపించుకుందామంటే ఇంకో చిక్కు. పల్లెలో పుట్టిన అమ్మకు జనన ధ్రువపత్రం ఎక్కడిది? రికార్డు దొరకలేదని స్థానిక అధికారి ఒక కాగితం ఇవ్వాలి. పుట్టిన మాట నిజమేనని ఎరిగిన పెద్దవాళ్లు ప్రమాణపత్రాలు ఇవ్వాలి. ఎదురుగా నిలబడి దగ్గుతున్న మనిషి పుట్టిందని రుజువు చేయడానికి నోటరీ ముద్ర! పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకోచోట ఉందా? అయిపోయారు. ఇక ఇంటర్వ్యూ. నానక్‌రామ్‌గూడలో 34 కోట్ల డాలర్లతో కట్టిన కాన్సులేట్ హైదరాబాద్‌లోనే ధగధగలాడుతోంది కదా అనుకుంటారా? చూసి ఆనందించండి. వలస వీసాకు మోకాళ్ల నొప్పుల అమ్మను తీసుకుని ముంబై పదండి.

ఇక్కడి దాకా తిట్లన్నీ పరాయి దొరలకే. మనం బుద్ధిమంతులమా?

మన పెళ్లిళ్ల బజారులో గ్రీన్‌కార్డుకో రేటు, సిటిజన్‌కో రేటు. వరకట్న నిషేధ చట్టం 1961 నాటిది. అరవై ఏళ్లు దాటింది. పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నట్టుంది. "మాకు కట్నం ఆశ లేదండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకున్నా మీ ఇష్టం. మావాడికి మాత్రం కార్డు వచ్చేసింది మరి!" అంటారు వియ్యాలవారు సోఫాలో వెనక్కి వాలుతూ. ఆ 'మరి' ఖరీదు రెండెకరాలు. పిల్ల తండ్రి ఇల్లెన్ని చదరపు అడుగులో అడుగుతాడు. కారేదో అడుగుతాడు. జీతం నెలకా, ఏడాదికా అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. మా అమ్మాయి ఏ కేటగిరీలో వస్తుంది, ఎప్పుడొస్తుంది అని మాత్రం అడగడు. అడిగితే బాగుండదట! పెళ్లికొడుక్కి పదిహేను రోజుల సెలవు. పదహారో రోజున విమానం. ఎం.టెక్. చదివిన పిల్ల ఎలాగూ వెళ్లిపోతానని ఉద్యోగం మానేసి, ఇంట్లో కూర్చుని బులెటిన్ చదువుతుంది.

తీరా వెళ్లాక? 'స్పాన్సర్' గారి దర్జా మొదలు. నా వల్లే వచ్చావు, నేను సంతకం పెట్టకపోతే నీ గతేమిటి, తోక జాడించావంటే పంపించేస్తా. పెళ్లయి రెండేళ్లు నిండకముందే ఆమె గ్రీన్‌కార్డు మీద అడుగుపెడితే అది రెండేళ్ల షరతు కార్డే. ఆ షరతు తీయించుకోవడానికి ఐ-751 మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ ఒక్క సంతకం చూపించి ఎంతమంది మొగుళ్లు ఎన్నెన్ని చేయిస్తున్నారో తెలుగు సంఘాల తలుపు తట్టిన ఆడపిల్లల్ని అడగండి. విడాకులైనా, హింస జరిగినా ఆమె ఒంటరిగానే మినహాయింపు కోరవచ్చు. పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయిన మొగుడు హింసిస్తే, అతని ప్రమేయం లేకుండా సొంతంగా దరఖాస్తు పెట్టుకునే హక్కు 1994 నుంచీ ఉంది. ఇది ఆమెకు ఎవరు చెప్పారు? స్పాన్సర్ గారు చెబుతారా?

ఇంకొకటీ చెప్పరు. భార్యను తెచ్చుకునేటప్పుడు ఆయన ఐ-864 అనే పత్రం మీద సంతకం చేశాడు. పేదరిక రేఖకు 125 శాతం స్థాయిలో ఆమెను పోషిస్తానని అమెరికా సర్కారుకు రాసిచ్చిన ఒప్పందం అది. ఇద్దరున్న ఇంటికి 2025 లెక్కన ఏడాదికి 26,437 డాలర్ల ఆదాయం చూపించాలి. విడాకులిచ్చినా ఆ బాధ్యత తీరదు. ఆమె పౌరురాలయ్యేదాకానో, పదేళ్ల పనికి సమానమైన లెక్క పూర్తయ్యేదాకానో వెంటాడుతుంది. ఆమె కోర్టుకెళ్లి వసూలు చేసుకోవచ్చు. పంపించేస్తానని మీసం తిప్పేవాడు, తాను ఏ కాగితం మీద సంతకం పెట్టాడో ఒక్కసారైనా చదివాడా?

మరి మన ప్రభుత్వం? ప్రవాసులు మా గర్వకారణం అంటుంది. మహాసభలకు మంత్రులు విమానమెక్కి వెళ్తారు. శాలువాలు కప్పించుకుంటారు. పెట్టుబడులు పెట్టండి అంటారు. వదిలేసిన పెళ్లాల మాట ఎత్తరు. ప్రవాసుల పెళ్లిని 30 రోజుల్లో నమోదు చేయాలని, చేయకపోతే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవచ్చని 2019 ఫిబ్రవరి 11న సుష్మా స్వరాజ్ రాజ్యసభలో బిల్లు పెట్టారు. దాన్ని స్థాయీ సంఘానికి పంపారు. చట్టం మాత్రం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో, ఈ పెళ్లిళ్లకు సమగ్ర చట్టం కావాలని మళ్లీ చెప్పింది. ఆ నివేదిక ఏ బీరువాలో ఉంది? తాళంచెవి ఎవరి దగ్గరుంది? మూడుముళ్ల మీద ఉపన్యాసం దంచేవాళ్లకు ఒక రిజిస్టరు మీద చట్టం చేయడానికి చేతులు రాలేదేం?

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! దొరలు మారేదాకా, మంత్రులు మేలుకునేదాకా ఆగొద్దు. అమెరికా సంబంధం వస్తే ముందు కార్డు చూపించమనండి. ఏ కేటగిరీ, ఏ తేదీ అని అడగండి. పెళ్లిని వెంటనే రిజిస్టర్ చేయించండి. ప్రతి కాగితం నకలూ అమ్మాయి దగ్గర ఉంచండి. వీసా ముద్ర పడేదాకా ఆమె ఉద్యోగం మాన్పించకండి. ఐ-864 అంటే ఏమిటో పెళ్లికి ముందే ఆమె చేత చదివించండి. ఇన్ని అడిగితే సంబంధం తప్పిపోతుందని భయమా? అడిగితే తప్పిపోయే సంబంధం తప్పిపోవడమే మేలు.